తొడుగుకు ఆపరేషన్

నమోదు 1

ఈ ఆస్పత్రిలో చేరినవాళ్లు రోజూ ఎంతో కొంత రాయాలట. మనసులో ఉన్నది కాగితం మీదికి దిగితే మందులు సగం పనిచేసినట్టే అని డాక్టరు నమ్మకం. ఏం రాయమంటారని అడిగాను.

"నీకేం తోస్తే అది రాయి. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు. నేనేం సదవనులే" అంది హనుమక్క.

ఆమె నర్సనుకున్నాను. కాదట, 'తోడు' అట. కెంపుగుట్ట ఆస్పత్రిలో ఇదొక పద్ధతి. రొమ్ము ఆపరేషనుకు వచ్చిన ప్రతి మనిషికీ, అంతకుముందు అదే ఆపరేషను చేయించుకున్న మనిషిని ఒకరిని జత చేస్తారు. చేరిన పూట నుంచి ఇంటికి పోయేదాకా ఆ మనిషి మన మంచం పక్కనే ఉంటుంది. హనుమక్క లావుపాటి మనిషి, గొంతు ఇంకా లావు. వచ్చీ రాగానే నా దిండు సరిచేసి, నా జడ విప్పి మళ్లీ అల్లి, నన్ను అడక్కుండానే నా వక్కాకు సంచి దాచేసింది. తిట్టడానికి మొదటిరోజే కావలసినంత దొరికింది.

నా పేరు సుంకులమ్మ. నాది పలకల పని. మేమంతా నేల కింద సొరంగాల్లో ఉంటాం. పైన బయలంతా పరిచిన ఎండపలకల మీద ఎర్రదుమ్ము పడుతూనే ఉంటుంది. మేం దులిపితేనే కింద దీపాలు వెలుగుతాయి, గాలియంత్రాలు తిరుగుతాయి, మా ఆయన ఓబులేసు పనిచేసే వంటశాలలో పొయ్యి రాజుకుంటుంది. మా ముత్తాతలది భూమి మీద అనంతపురం. దుమ్ముకు అలవాటుపడ్డ జనం కావాలని ఏరి ఏరి పంపించారని మా అవ్వ చెప్పేది. ఇన్ని కోట్ల మైళ్లు వచ్చి పట్టుకున్నది మళ్లీ చీపురే.

మాకు వారానికొకసారి నీళ్లరోజు. మొన్న నీళ్లరోజున ఒళ్లు రుద్దుకుంటుంటే కుడి రొమ్ములో శనగగింజంత గట్టిగా తగిలింది. ఖాజాబీకి చెప్పాను. బయట పనికి ఎవరూ ఒంటరిగా పోకూడదు, ఇద్దరిద్దరు పోవాలి. నా జోడీ ఖాజాబీ. నా మాట పూర్తి కాకముందే చెయ్యి పట్టుకుని ఇక్కడికి లాక్కొచ్చింది. గింజ మంచిది కాదని ఈ ఉదయం తేలింది.

నమోదు 2

డాక్టర్ వకుళ వయసులో నాకంటే చిన్నది. మంచం మీద నా పక్కనే కూర్చుని బొమ్మ గీసి చూపించింది. గింజ ఒక్కటే తీసి కిరణాలు పెట్టొచ్చట. కానీ బయట పనిచేసేవాళ్ల ఒంట్లోకి ఆ కిరణాలు ఇప్పటికే చాలినంత పోయి ఉంటాయి, ఇంకా పెట్టడం తనకిష్టం లేదంది. రొమ్ము మొత్తం తీసేద్దామంది.

"అడగాల్సింది ఏమైనా ఉంటే అడగండి సుంకులమ్మా. ఎన్నిసార్లయినా అడగండి."

చావు గురించి అడుగుతాననుకుందేమో. "నా కుడిచెయ్యి పైకి లేస్తుందా? నేను మళ్లీ బయటికి పోతానా?" అని అడిగాను.

ఆమె నవ్వలేదు. నా కుడిచెయ్యి తన చేతుల్లోకి తీసుకుని, భుజం దాకా తడిమి చూసి, "చెయ్యి లేపించే బాధ్యత నాది. బయటికి పోవడం మీ ఇష్టం" అంది.

నాకు ఏడుపొచ్చింది. రొమ్ము పోతుందని రాలేదు. పలకల మీద ఎండ పడే వేళ, పైన ఆ రాగిరంగు ఆకాశం కింద నిలబడటం నా ప్రాణం. సొరంగంలో పుట్టి సొరంగంలో పోయే జనంలో రోజూ పొద్దు చూసే భాగ్యం మాకే ఉంది. అది పోతే నేను బతికున్నా బతికినట్టు కాదు. ఈ ముక్క ఓబులేసుకు చెప్పలేదు, నొచ్చుకుంటాడు.

నమోదు 3

ఇవాళే ఆపరేషను. కోసేది యంత్రం చేతులు, వాటిని నడిపేది డాక్టర్ వకుళ. ఆ యంత్రం సాలెపురుగులా కాళ్లన్నీ ముడుచుకుని పైన వేలాడుతుంటే నా కళ్లు దానికే అతుక్కుపోయాయి. హనుమక్క ముక్కుకు గుడ్డ కట్టుకుని నాతోపాటు లోపలికి వచ్చింది. తోడు లోపలికి రావచ్చట, నిద్రమందు పనిచేసేదాకా చెయ్యి పట్టుకోవచ్చట.

"దాని దిక్కు చూడొద్దు, నా దిక్కు చూడు. మీ ఆయన చేసే సంగటి ఎట్లుంటాదో చెప్పు" అంది.

"రాయిలా ఉంటుంది" అన్నాను.

"నెత్తికి తగిలితే పగులుతాదా?"

నేను నవ్వుతూండగానే నిద్ర పట్టింది. అట్లా నవ్వుతూ నిద్రలోకి పోయిన మనిషిని తానెప్పుడూ చూడలేదని తర్వాత డాక్టరమ్మ చెప్పింది.

నమోదు 4

లేచాక మొదట తెలిసింది నొప్పి. తర్వాత తెలిసింది చంక కింద నుంచి ఒక గొట్టం, దాని చివర చిన్న డబ్బా. లోపల ఊరే ఎర్రనీళ్లు అందులోకి దిగాలట. ఆ డబ్బా వేలాడకుండా మెడకు తగిలించుకునే సంచి ఒకటి ఇచ్చారు. పువ్వుల గుడ్డతో కుట్టిన సంచి అది. ఇంతకుముందు ఇక్కడ పడుకున్న మనుషులు ఇంటికి పోయేముందు తలా ఒకటి కుట్టి ఇచ్చి పోతారట. నాకు వచ్చినదాని మీద ఎవరో మామిడికాయ కుట్టారు. మామిడికాయను నేను బొమ్మల్లో తప్ప చూడలేదు, కుట్టిన ఆమె కూడా చూసి ఉండదు, అది అచ్చం వంకాయలా ఉంది.

డబ్బా ఖాళీ చేయడం ఓబులేసుకు నేర్పించారు. ఇరవైమందికి ఒంటిచేత్తో వండి వార్చే మనిషి ఈ గుప్పెడు డబ్బాను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నొప్పెడతాందా? నిదానంగా చేస్తాలే. తట్టుకోలేకపోతే చెప్పు, చాలిస్తా" అన్నాడు.

"డబ్బా నీ చేతిలో ఉంది, నొప్పి నా ఒంట్లో ఉంది. నువ్వు దాన్ని పట్టుకున్నంత మాత్రాన నాకెందుకు నొప్పెడతాది?" అన్నాను.

హనుమక్క అతన్ని పక్కకు తీసుకుపోయి, "ఆమె తిడతాందంటే బాగుండాదని అర్థం. తిట్టకపోతే నన్ను పిలువు" అని చెప్పిందట. ఆ మాటతో అతని మొహం తేటపడింది. రోగిని చూసుకునేవాళ్లు చాలా చోట్ల ఉంటారు. రోగి మొగుణ్ని కూడా చూసుకునేవాళ్లను ఇక్కడే చూశాను.

నమోదు 5

కట్టు విప్పే రోజు. రాత్రంతా ఈ ఘడియ గురించే భయపడ్డాను.

డాక్టరమ్మ కత్తెర తీసేలోపే హనుమక్క తెర లాగి, రవిక గుండీలు విప్పి, నా ముందు నిలబడింది.

"ముందు నాది చూడు. తర్వాత నీది చూసుకుందువు."

ఎడమవైపు చదునుగా ఉంది. చంక దిక్కుగా ఒక తెల్లగీత, పాతబడి మెత్తబడిన గీత. అంతే. దాని మీద చెయ్యి వేయించింది. కింద గుండె కొట్టుకుంటోంది, బాగా దగ్గరగా, నిబ్బరంగా.

తర్వాత నాది చూసుకున్నాను. ఎర్రగా, కొత్తగా, కాస్త ఉబ్బి ఉంది. ఏడిచాను, అబద్ధమెందుకు. కానీ భయపడి ఏడవలేదు. ఇది ముందు ముందు ఎట్లా మారుతుందో నా కళ్లెదురుగా మనిషి రూపంలో నిలబడి ఉందిగా. ఏ యంత్రమూ ఈ పని చేయలేదు. ఈ పద్ధతి పెట్టినవాళ్లెవరో తెలియదుగానీ, వాళ్ల కడుపు చల్లగా ఉండాలి.

నమోదు 6

చంకలోంచి తీసి చూసిన గ్రంథుల్లో ఏమీ లేదట. చాలాకాలం మాత్రలు మింగాలి, అంతే. ఓబులేసు వార్డులో అందరికీ బెల్లం పంచాడు.

ఇప్పుడు పొద్దస్తమానం గోడతోనే కాపురం. కుడిచేతి వేళ్లను గోడమీద చీమల్లా పైపైకి పాకించాలి. నొప్పి వచ్చేదాకా పోవాలి, నొప్పిని దాటకూడదు. వార్డులో మాకందరికీ ఇదే పని. నా పక్కమంచం ఎలీసమ్మ బడిలో పాఠాలు చెబుతుంది. ఆమె తన ఒంటి కొవ్వుతోనే మళ్లీ రొమ్ము చేయించుకుంటోంది. "నాకు నా చీరె పైట నిండుగా ఉండాల" అంది సిగ్గుపడకుండా. ఆమెకు హనుమక్క ఎంత ఓపిగ్గా దారి చెప్పిందో, మళ్లీ చేయించుకోకుండా ఉండిపోయిన నాకూ అంతే ఓపిగ్గా చెప్పింది. ఎవరి ఒళ్లు వాళ్లిష్టం అన్నది ఇక్కడ నోటిమాట కాదు.

చెయ్యి ఇవాళ తల దాటింది. డాక్టరమ్మ మాట నిలబెట్టుకుంది.

నమోదు 7

ఇంటికి వచ్చాను. ఇవాళ బయటి పనికి వేసుకునే తొడుగు వేసుకుని చూడమన్నారు. ఇక్కడే వచ్చింది తంటా.

బయట ఊపిరి ఆడదు సరే, ఒంటిని నొక్కిపట్టే గాలి కూడా లేదు. ఆ పని తొడుగు చేస్తుంది. పట్టీలాంటి గట్టి బట్ట ఒంటిని అంగుళం వదలకుండా బిగించి పట్టుకోవాలి. ఎక్కడ వదులుంటే అక్కడ ఒళ్లు పొంగుతుంది, రక్తం గడ్డకడుతుంది. అందుకే బయటికి పోయేముందు గాలి తీసేసే తలుపుగదిలో జోడీ అరచేత్తో మన ఒళ్లంతా అదిమి చూసి "బిగువు" అంటేనే తలుపు తెరుస్తారు. ఆపైన తొడుగు కూడా తనంతట తానే కొలిచి చూసుకుని, నోరు తెరిచి ఒప్పుకోవాలి.

ఖాజాబీ చెయ్యి కుడివైపు దగ్గర ఆగిపోయింది. అక్కడ బట్ట ఖాళీ గిన్నెలా నిలబడి ఉంది.

"మీ ఆకృతి నమోదైన ఆకృతితో సరిపోలుట లేదు. దయచేసి వెనుకకు మరలుడు" అంది తొడుగు. దానికి ఎప్పుడూ పంతులుగారి భాషే.

తొడుగుల కొట్టుకు పోయాను. కొట్టు పెద్ద పాపం మంచివాడే. "అమ్మా, ఆడవాళ్లకు ఒకటే అచ్చు. పొడుగూ లావూ మార్చగలను. అచ్చు మార్చే అధికారం నాకు లేదు. లోపల కూరపాదుల పనికి రాయిస్తాను, చల్లగా ఉంటుంది" అన్నాడు.

ఇంటికి వచ్చి దుప్పటి ముసుగుపెట్టుకున్నాను. చెయ్యి లేచింది, మనిషి బతికింది, అయినా లోపలే. ఓబులేసు సంగటి తెచ్చాడు. తిట్టకుండా తిన్నాను. అతను భయపడిపోయి హనుమక్కకు కబురుపెట్టాడు.

నమోదు 8

హనుమక్క వచ్చేలోపు ఖాజాబీ వచ్చింది, మొహం వెలిగిపోతూ. సొరంగం గోడల పగుళ్లలో కూరే నురగముక్కను రొమ్ము ఆకారంలో కోసి, మెత్తటి గుడ్డ చుట్టి తెచ్చింది.

"దీన్ని పెట్టుకోవే సుంకూ. దానెబ్బ, తొడుక్కేం తెలుస్తాది?"

పెట్టుకున్నాను. తొడుగుకు నిజంగానే తెలియలేదు. "బిగువు" అంది ఖాజాబీ గర్వంగా. తలుపుగదిలో గాలి తీయడం మొదలుపెట్టారు.

నురగ అంటేనే గాలిబుడగలు. చుట్టూ గాలి తగ్గేకొద్దీ ఆ బుడగలు పొంగడం మొదలైంది. కెంపుగుట్టలో పుట్టి పెరిగినవాళ్లం, వంటశాల పొట్లాలు తలుపుగదిలో పగిలిపోవడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నవాళ్లం, ఇద్దరిలో ఒక్కరికీ ఇది తట్టలేదు. నూనెలో పడ్డ పూరీలా ఆ ముక్క నా పచ్చిగాయం మీద ఉబ్బింది. నేను పెట్టిన కేక రేడియోలో సొరంగమంతా వినిపించిందట. వెంటనే గాలి వదిలారు. కుట్టు దగ్గర రవ్వంత నెత్తురు కారింది.

ఖాజాబీ ఆస్పత్రి దాకా ఏడుస్తూనే నన్ను మోసుకొచ్చింది. "నేనే సంపుకునేదాన్నే నిన్ను" అంటూ తలబాదుకుంటుంటే, డాక్టరమ్మ ముందు ఆమెను కూర్చోబెట్టి నీళ్లు తాగించి, తర్వాత నా గాయం చూసింది. పెద్ద ప్రమాదం లేదు. ఒక్క మాట అనలేదు ఆమెను. "ప్రేమతో తెచ్చారు. మందు తప్పయింది, అంతే" అంది.

నమోదు 9

మళ్లీ అదే మంచం. పొద్దున డాక్టరమ్మతో చెప్పాను. "నాకు కూడా ఎలీసమ్మకు చేసినట్టు రొమ్ము చేసెయ్యండి. రెండు ఆపరేషన్లయినా సరే, పడతాను."

ఆమె సరేనలేదు, కాదనలేదు. హనుమక్క వైపు చూసింది. హనుమక్క నా మంచం మీద కూలబడింది, మంచం మూలిగింది.

"ఒక మాట అడుగుతా, కోపం చేసుకోవద్దు. అది కావల్సింది నీకా, తొడుక్కా?"

నాకు పైట నిండుగా ఉండాలన్న కోరిక లేదు. ఆ గీత నాకిప్పుడు అలవాటైంది, దాని మీద చెయ్యి వేసుకుని నిద్రపోతున్నాను కూడా.

"తొడుక్కే అక్కా" అన్నాను.

"అయితే ఇంకేం! సెప్పు కోసం కాలు కోసుకుంటారా యాడన్నా? ఆపరేషను తొడుక్కే సేద్దాం."

హాస్యానికే అంది. కానీ డాక్టర్ వకుళ నవ్వలేదు. ఆపరేషన్ల తర్వాత చెయ్యి వాచిన ఆడవాళ్లకు ఆమే బిగుతు పట్టీలు కొలిచి కుట్టిస్తుంది. ఒంటిని ఎక్కడ ఎంత అదమాలో ఆమెకు తెలుసు. లేచి నేరుగా కొట్టుకు పోయింది.

అక్కడ జరిగిన సంభాషణ ఖాజాబీ తలుపు పక్కన నిలబడి విని వచ్చి నాకు చెప్పింది. అచ్చు మార్చే అధికారం తనకు లేదని కొట్టు పెద్ద మళ్లీ అన్నాడట. "మార్చొద్దు. ఈ తొడుగు జబ్బుపడింది, నేను ఆస్పత్రిలో చేర్చుకుంటున్నాను. చేరినవాళ్ల సంగతి నాది" అని సంతకం పెట్టి, దాన్ని భుజాన వేసుకుని వచ్చేసిందట. ఆయన వెనకాలే కుట్టుపెట్టె పట్టుకుని వచ్చాడు, ఆపడానికి కాదు, చూడటానికి.

నమోదు 10

నా తొడుగుకు ఎలీసమ్మ పక్కన మంచం ఇచ్చారు. మెడకు పేరుచీటీ కట్టారు. "నేను రుగ్మతతో లేను" అంది అది. "అందరూ అట్లే అంటారు" అంది హనుమక్క.

నా ఛాతీ మీద పిండిపట్టు వేసి అచ్చు తీశారు. డాక్టరమ్మ గిన్నెలా నిలిచిన బట్టను కోసి తీసేసి, ఆ చోట పట్టీల బట్టను పొరమీద పొర పరిచింది. గీత దగ్గర, చంక కింద పల్లమున్న చోట గాలిబుడగ లేని జిగురుముద్దను నా ఆకారానికే పోసి అతికించింది. కుట్లు వేసింది కొట్టు పెద్ద. వార్డంతా మంచాల మీద నుంచి సలహాలు విసురుతూనే ఉంది.

హనుమక్క భుజం కుట్టు విప్పిన తీరు చూసి నాకు అనుమానం వచ్చింది. ఏ ముడి ఏ వైపు లాగాలో వేళ్లకే తెలిసినట్టుంది.

"అక్కా, నువ్వు ముందు ఏం పని చేసేదానివి?"

"నీకంటే ముందు ఆ పలకలు దులిపింది నేనే."

"మరి మళ్లీ ఎందుకు పోలేదు?"

"ఇది ఒప్పుకోలే." తొడుగు వైపు గడ్డం చూపించింది. "ఆపరేషనైనాక లోపలి పని ఇచ్చినారు. ఈ వార్డూ బాగుండాదిలే అనుకున్యా. బాగుండాది కూడా." దారం కొరికి ఇంకో ముడి అందుకుంది.

ఇన్నాళ్లూ నా భయమంతా ఆమె ముందు కుమ్మరించాను. ఆమెను ఒక్క ప్రశ్న అడిగింది ఇప్పుడే.

నమోదు 11

బయటికి పోయాను!

తలుపుగదిలో గాలి తగ్గుతుంటే ఖాజాబీ కళ్లు మూసుకుంది. రేడియోలో డాక్టరమ్మ, ఓబులేసు, కొట్టు పెద్ద ముగ్గురూ ఒకేసారి "ఎట్లుంది?" అని అరుస్తున్నారు. ఎట్లుందంటే, ఎవరో పెద్దచేత్తో నన్ను పదిలంగా పట్టుకున్నట్టుంది. తొడుగు తన భాషలో "ఆకృతి నూతనముగా నమోదైనది" అంది. దాన్ని ముద్దుపెట్టుకుందామంటే అద్దం అడ్డం.

పొద్దు చిన్నగా, తెల్లగా పైకి వస్తోంది. చెయ్యి పైకెత్తి పైవరస పలక దులిపాను. లాగింది, కానీ లేచింది. ఆ వరస అంతా నేనే దులిపాను, ఖాజాబీ వద్దంటున్నా.

నమోదు 12

తిరిగి వచ్చాక, నీ తొడుగుకూ ఆపరేషను చేయించరాదా అని హనుమక్కను అడిగాను. "నాకిప్పుడెందుకు మే, వయసైపాయ" అని కసిరింది. ఇంకోసారి అడిగితే వక్కాకు సంచి మళ్లీ దాచేస్తానంది. ఊరుకున్నాను.

ఈ ఉదయం గోడ కసరత్తుకు వార్డుకు పోయేసరికి హనుమక్క డాక్టరమ్మ గది ముందు నిలబడి ఉంది. భుజాన పాత తొడుగు, మడతలు నలిగి, రంగు వెలిసి. ఇన్నేళ్లూ మంచం కింద పెట్టుకుందట.

"డాక్టరమ్మా, ఇంగొక రోగి వచ్చినాది" అంది, నా దిక్కు చూడకుండా.

నమోదు 13

వార్డు పని పోదు, నెలకు నాలుగైదు పొద్దులు బయటికి రావచ్చని డాక్టరమ్మ హనుమక్కను ఒప్పించింది. తొడుగు కుట్టడానికి కొట్టు పెద్ద పిలవకుండానే వచ్చాడు. ఇవాళ ఖాజాబీ తన జోడీ చోటు ఆమెకు ఇచ్చింది.

తలుపు తెరుచుకుంది. హనుమక్క నాలుగడుగులు వేసి ఆగింది. ఎదురుగా బయలు, పలకలు, అప్పుడే లేచిన పొద్దు. వార్డులో అంత నోరున్న మనిషి ఉలుకూ పలుకూ లేదు. నాకు భయం వేసింది. గాలి అందడం లేదా, తొడుగు ఎక్కడైనా వదులైందా?

"అక్కా! బాగున్నావా? అక్కా, మాట్లాడు!"

రేడియోలో ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

"ముక్కు కారతాంది మే. ఈ పాడు తొడుగులో తుడుచుకునేకి దోవ లేదే!"

"లోపలికి పోదామా?"

"ఎవురు పోతారు లోపలికి?" అంది. "చీపురు ఇట్లియ్యి."